ఇరవై తొమ్మిది దాకా

ఈ పొద్దున్న లేవబోతే తొడలు రెండూ రాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. పిక్కలు పట్టేశాయి. కుడి భుజం పైకి లేవనంటోంది. మంచం మీదే కూర్చుని గట్టిగా నవ్వేశాను. వంటింట్లోంచి మా అత్తగారు చేతిలో అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఏంటమ్మాయ్? కాళ్లేనా?"

"ఆయ్, కాళ్లేనండి. నొప్పెడుతున్నాయి."

ఆవిడ మంచం పక్కన కూలబడి నా పిక్క పట్టుకుని గట్టిగా గిల్లారు. "తెలుస్తోందా?"

"అబ్బా! తెలుస్తోందండీ బాబూ!"

"అయితే సరేలే. నా అట్టు మాడిపోతోంది," అంటూ లేచి వెళ్లిపోయారు.

మూడేళ్ల కిందట ఇదే మంచం మీద ఆవిడ ఇలాగే గిల్లితే నాకు తెలియలేదు. అందుకే ఈ నొప్పి నాకు ఇంత సంబరంగా ఉంది. నిన్న రాజోలులో బాల్ బ్యాడ్మింటన్ మ్యాచ్ ఆడాను. పదకొండేళ్ల తర్వాత! ఒంట్లో ఆ వేడి చల్లారకముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను. కాళ్లూ చేతులూ చచ్చుబడి మంచాన ఉన్నవాళ్లెవరైనా, వాళ్ల పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్లెవరైనా ఇది చదివితే వాళ్లకి ఒక్క పూటయినా ధైర్యంగా గడుస్తుందేమోనని ఆశ.

1993

నా పేరు సుభద్ర. పుట్టింది కొత్తపేటలో. కాలేజీలో ఉన్న మూడేళ్లూ చదువు కంటే ఆటే ఎక్కువ చదివాను. బాల్ బ్యాడ్మింటన్ తెలియనివాళ్ల కోసం చెబుతాను: ఊలుతో చుట్టిన పసుప్పచ్చ బంతి, జట్టుకి ఐదుగురు, ఇరవై తొమ్మిది పాయింట్లకి ఒక గేము. బంతి నేలను తాకకూడదు, అంతే. నేను వెనక వరుసలో ఆడేదాన్ని. నా ప్రాణస్నేహితురాలు రమాదేవి మధ్యలో నిలబడి మా అందరినీ అరుస్తూ ఆడించేది. నా బలమంతా కాళ్లలోనే. కోర్టు ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తి, పోయిందనుకున్న బంతిని లేపేదాన్ని. గాలిలోకి లేచిన బంతి నెట్ దాటే లోపల ఊపిరి బిగబట్టి చూడటం ఉంటుందే, అలాంటి సంతోషం ఇంకెక్కడా దొరకలేదు నాకు.

ఆ ఏడు మాఘమాసంలో పెళ్లయి అమలాపురం వచ్చాను. చీరల పెట్టెలో అడుగున బ్యాటు పెట్టుకుని మరీ వచ్చాను. పెట్టె సర్దుతుంటే అత్తగారు చూశారు. తిట్టలేదు. బ్యాటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"బాగా ఆడేదానివంట కదమ్మా. అయినా పెళ్లయ్యేక నలుగుర్లో గెంతులేంటి చెప్పు? చూసినోళ్లు ఏవనుకుంటారు?"

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

ఆ ఒక్క మాటతో నా ఆట ముగిసింది. బ్యాటు అటకెక్కింది. నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. కానీ ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. మా మామగారు పోయాక ఆవిడ ఒక్కరే కొబ్బరి తోట చూసుకుంటూ కొడుకుని పెంచారు. ఊరి నోటికి భయపడటం ఆవిడకి అలవాటైపోయింది. తర్వాత పాప హారిక పుట్టింది. మావారు ఏసీ మెకానిక్కుగా మస్కట్ వెళ్లారు. నేను ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచర్‌గా చేరాను. బడికి వెళ్లే దారిలో ఒక గ్రౌండు ఉంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అక్కడ బంతి మీద బ్యాటు తగిలిన "టప్" అనే చప్పుడు వినపడేది. నేను రోడ్డు అవతలి పక్కకి మారి నడిచేదాన్ని.

2001 ఆగస్టు

ముందు విరేచనాలతో నాలుగు రోజులు పడుకున్నాను. తగ్గింది. మరో వారానికి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. కొత్త చెప్పుల వల్లే అనుకున్నాను. చెప్పులు మార్చాను. మర్నాడు బోర్డు మీద రాస్తుంటే చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. తీసుకుందామని వంగితే మళ్లీ లేవలేకపోయాను. పిల్లలు ఆటనుకుని నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటి అరుగెక్కడానికి రెండు చేతులతో తొడ పట్టుకుని కాలు పైకి పెట్టుకోవలసి వచ్చింది.

తెల్లారేసరికి మంచం దిగలేకపోయాను. కాళ్లు ఉన్నాయి గాని, అవి నావి కావు. అత్తగారు వచ్చి గిల్లింది అప్పుడే.

అమలాపురంలో మేమెప్పుడూ చూపించుకునే డాక్టరుగారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. ఆయన మొహం మారిపోయింది. "ఆలస్యం చెయ్యకండి. ఈ పూటే కాకినాడ తీసికెళ్లిపోండి," అన్నారు. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కాళ్ల తిమ్మిరి పైపైకి పాకుతూ, మెట్టెక్కడం కష్టమైతే చెప్పుల మీదికీ నీరసం మీదికీ తోసేసి ఊరుకోకండి. నేను పోగొట్టుకున్న ఆ రెండు రోజులూ మీరు పోగొట్టుకోకండి.

కారులో వెనక సీట్లో అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డంగా నిలబడి కారు ఆగిపోయింది. పది నిమిషాలు, పావుగంట, కదలటం లేదు. నాకు ఊపిరి పీల్చుకోవడం బరువుగా ఉందని నెమ్మదిగా చెప్పాను. అంతే. ఎప్పుడూ గడప దాటి గట్టిగా మాట్లాడని మనిషి తలుపు తీసుకుని దిగిపోయారు. కిటికీలోంచి ఆవిడ గొంతు వినబడింది.

"ఏవండీ డ్రైవరుగారూ! కారులో నా కోడలు ఊపిరందక కొట్టుకుంటోందండీ! ఆ గెలలు తర్వాత దింపుకోవచ్చు గాని ముందు బండి తియ్యండి! ఓ మేస్త్రీ, నిన్నేనయ్యా, ఆ తోపుడుబండి పక్కకి లాగు!"

లారీలు కదిలాయి. ఆవిడ కారుకి ముందు నడుస్తూ, కొంగు బిగించి, చెయ్యి ఊపుతూ దారి చేసుకుంటూ పోయారు. తల ఎత్తి చూసే శక్తి నాకు లేదు. కాని తర్వాత మా కారు డ్రైవరు ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో!

2001 సెప్టెంబరు, కాకినాడ

జీబీఎస్ అన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే దారి తప్పి నరాల మీద పడుతుందట. చాలామందికి తగ్గుతుందన్నారు. "ఎన్నాళ్లకండీ?" అంటే చెప్పలేమన్నారు. భయం కాళ్ల గురించి కాదు, ఊపిరి గురించి. అది ఛాతీ దాకా పాకితే ఊపిరాడించే మిషను పెట్టాలి.

రోజుకి నాలుగుసార్లు ఒక డాక్టరమ్మ వచ్చేది. "గట్టిగా గాలి పీల్చుకుని ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెడతారో పెట్టండి," అనేది. మొదటి రోజు ముప్పై ఒకటి దాకా వెళ్లాను. రెండో రోజు ఇరవై రెండు. మూడో రోజు పొద్దున్న పదహారు, సాయంత్రం పన్నెండు. ఆ అంకెలు దిగుతుంటే అత్తగారి మొహం చూడలేక గోడవైపు తల తిప్పుకునేదాన్ని. నాలుగో రోజు పొద్దున్న పదకొండు దగ్గర ఆగిపోయాను. డాక్టరమ్మ ఆ అంకె రాసుకుని వెళ్లింది. మిషను తెచ్చి మంచం పక్కనే పెట్టారు.

ఆ రోజే మా అన్నయ్య వచ్చాడు. వరండాలో గొడవ నాకు వినబడుతూనే ఉంది. "మా చెల్లిని మేం తీసుకెళ్లి ఇంకోచోట చూపించుకుంటాం. మీ ఇంట్లో ఉండే కదా ఇలా అయ్యింది!" అంటున్నాడు. అత్తగారు లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నారు. కళ్లనిండా నీళ్లు.

"నీ ఆట మానిపించింది నేనే అమ్మాయ్. ఆడే కాళ్లని ఇంట్లో కట్టేసేను. అందుకే ఇలా పడిపోయేయేమో!"

ఇన్నేళ్లూ ఆ సంగతి ఆవిడకి గుర్తుండదనుకున్నాను. ఊపిరి కూడదీసుకుని, "జబ్బుకీ దానికీ సంబంధం లేదండి, డాక్టరుగారిని అడగండి," అన్నాను. ఆవిడ నిజంగానే అడిగారు! సాయంత్రం రౌండ్లకి వచ్చిన పెద్ద డాక్టరుగారిని ఆపి, ఆటకీ నరాలకీ సంగతేంటని అడిగారు. ఆయన నవ్వకుండా, ఓపిగ్గా, ఏమీ సంబంధం లేదమ్మా అని చెప్పారు. అన్నయ్య కూడా అక్కడే నిలబడి విన్నాడు. తర్వాత ఇద్దరికీ కాఫీ తానే తెచ్చాడు.

ఐదో రోజు కూడా పదకొండు. ఆరో రోజు పదకొండు. అది దిగటం లేదని మొదట గమనించింది పక్క మంచం వాళ్ల మనిషి. రాయవరం నుంచి భర్తని తీసుకొచ్చిన ఒక రైతు భార్య. తన బాధ తనకుండగా, నా జుట్టు చిక్కులు పడిపోతోందని రోజూ పొద్దున్న నూనె రాసి బిగించి జడ వేసేది. "ఆగిందండీ పాడు! ఇంకెక్కడమే!" అంది ఆవిడ. ఏడో రోజు పదమూడు. అత్తగారు లేచి నిలబడిపోయారు.

అప్పుడు నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. ఇరవై తొమ్మిదికి చేరితే గేము నాది. అత్తగారికి చెప్పాను. ఆ రోజు నుంచి వార్డులో మా ఇద్దరిదీ అదే ఆట. పదిహేడు, పందొమ్మిది, మళ్లీ పదిహేడు, ఇరవై మూడు. ఇరవై తొమ్మిది అన్న రోజు రాయవరం ఆవిడ చప్పట్లు కొట్టింది. నర్సు వచ్చి ఇది ఆసుపత్రి అనుకున్నారా, ఇంకేమన్నానా అని కోప్పడింది. మిషను మాత్రం వేరే వార్డుకి తీసుకెళ్లిపోయారు.

మావారు సెలవు దొరికి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసి బ్యాగు కింద పెట్టడం కూడా మరిచిపోయారు. ఆయన రాకకి ముందు నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

2001 నవంబరు నుంచి

ఇంటికొచ్చాక అసలు కష్టం తెలిసింది. ఆసుపత్రిలో అందరూ రోగులే. ఇంట్లో నేనొక్కదాన్నే. కొత్తపేటలో మా అమ్మ దగ్గర ఉన్న హారికని తీసుకొచ్చారు. ఆరేళ్ల పిల్ల, వీల్‌చైర్లో ఉన్న నన్ను చూసి నాయనమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోయింది. నా దగ్గరికి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

మావారు తిరిగి మస్కట్ వెళ్లక తప్పలేదు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చేది. చేతివేళ్లకి పట్టు రావాలంటే మెత్తటి బంతి ఏదైనా విసిరి పట్టుకోవడం అలవాటు చెయ్యమంది. ఆ మధ్యాహ్నం అత్తగారు గొడుగేసుకుని బజారుకి వెళ్లారు. గంట తర్వాత వచ్చి నా ఒళ్లో ఒక పొట్లం పెట్టారు. విప్పితే పసుప్పచ్చ ఊలు బంతి!

"ఇదేనా నువ్వాడేది? షాపువాడు టెన్నిస్ బంతి ఇస్తానన్నాడు. కాదు బాబూ, మా కోడలిది ఊలుతో ఉంటుందని చెప్పి వెతికించేను."

మొదటి రోజు ఆవిడ నలభైసార్లు విసిరారు. ఒక్కటీ పట్టుకోలేకపోయాను. ప్రతిసారీ వంగి, ఏరుకొచ్చి, మళ్లీ విసిరారు. ఆ వయసులో నడుం నొప్పితో! నాకు కోపం వచ్చి, "ఇంక చాలండి, నావల్ల కాదు," అని అరిచాను. ఆవిడ బంతి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చి నిలబడ్డారు. మూడో రోజో నాలుగో రోజో బంతి నా అరచేతిలో పడి, వేళ్లు వాటంతటవే మూసుకున్నాయి. చిన్నపిల్లల్లా ఇద్దరం కేకలు పెట్టాం. పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీంచి తొంగి చూశారు. ఊరు ఏమనుకుంటుందోనని ఆవిడ ఆ రోజు అనుకోలేదు.

గోడ పట్టుకుని నిలబడటం, కర్రతో నడవటం, కర్ర లేకుండా నడవటం. ఇలా రాస్తే ఒక్క వాక్యం. గడిస్తే ఏడు నెలలు. 2002లో ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున నేనూ వెళ్లాను. అరికాళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నావి కాలేదు. తడిగడ్డి మీద నడుస్తున్నానో పొడిమట్టి మీద నడుస్తున్నానో చూస్తే తప్ప తెలియదు.

2004

దసరా సెలవుల్లో రమాదేవి వచ్చింది. ఇప్పుడు తను ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూనే అసలు సంగతి చెప్పింది.

"రాజోలులో డిసెంబర్లో ఆడవాళ్లకి టోర్నమెంటు పెడుతున్నారే. ముప్పై దాటినవాళ్లకి విడిగా. మన పాత జట్టులో నలుగురం ఉన్నాం. ఐదోది నువ్వే."

"నీకేమైనా మతిపోయిందా? నాకు నేల తెలియదు రమా!"

"నేల తెలియకపోతే ముందు వరుసలో నిలబడు. పరిగెత్తక్కర్లేదు. నెట్ దగ్గర చెయ్యి ఆడితే చాలు."

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి వింటున్నారు. డాక్టరుగారిని అడిగితే, అలసిపోయేదాకా ఆడకపోతే ఫరవాలేదన్నారు. అడ్డుపడింది మావారు. ఫోన్లో గొంతు గట్టిగా వినబడింది: "మళ్లీ పడిపోతే? నేను ఇక్కడ, నువ్వు అక్కడ. మళ్లీ అదంతా నేను తట్టుకోలేను సుభా." ఆయన భయం నాకు అర్థమైంది. అత్తగారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"ఒరేయ్ శ్రీనూ, పడిపోతే లేపడానికి నేనున్నాను కదరా. ఇదివరకు లేపింది ఎవరనుకున్నావ్?"

అవతల ఆయన నవ్వడం నాకూ వినబడింది.

అటక మీది బ్యాటు దింపితే తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. కొత్తది కొన్నాను. ఐదుగురికీ కుదిరే చోటని, ఏళ్ల తరబడి నేను రోడ్డు దాటి తప్పుకున్న ఆ గ్రౌండులోనే పొద్దున్నే ప్రాక్టీసు మొదలెట్టాం. మొదటి రోజు మంచుకి తడిసి బంతి బరువెక్కింది. నేను కొట్టిన దెబ్బలన్నీ గాలికే తగిలాయి. రెండుసార్లు పడ్డాను. ఐదుగురిలో ఇద్దరికి కళ్లజోళ్లు, ఒకామెకి మోకాళ్ల నొప్పులు, అందరం వగరుస్తున్నాం. అప్పుడు రమాదేవి కొట్టిన బంతి ఒకటి నా మొహం మీదికి వచ్చింది. ఆలోచించే వ్యవధి లేదు. చెయ్యి దానంతటదే లేచింది. "టప్". బంతి నెట్ అంచుని ఒరుసుకుంటూ అవతల పడింది. ఆ చప్పుడు మోచెయ్యి దాకా, భుజం దాకా, గుండె దాకా పాకింది. తిమ్మిరి పాకిన దారినే!

నిన్న, రాజోలు

మాది రెండో మ్యాచ్. రెండు వైపులా కొబ్బరిచెట్లు, సున్నంతో కొట్టిన గీతలు, కుర్చీల్లో జనం. అవతలి జట్టు మా కంటే పదేళ్లు చిన్నవాళ్లలా ఉన్నారు. మొదటి గేము తొమ్మిదికే మమ్మల్ని చుట్టేశారు. రెండో గేములో రమాదేవి మధ్యలోంచి పాత గొంతుతో అరవడం మొదలెట్టింది. నెట్ దగ్గర నాకు దొరికిన ప్రతి బంతినీ కిందకి నొక్కేశాను. ఆ గేము మాది! మూడోది మాత్రం నువ్వా నేనా అన్నట్టు సాగింది. నా కాళ్ల సంగతి నేను ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు.

మేం ఇరవై ఎనిమిది, వాళ్లు ఇరవై ఏడు. ఆ పాయింటు పడగానే అత్తగారు కుర్చీలోంచి లేచి, చెప్పులు వదిలేసి, తిన్నగా కోర్టులోకి వచ్చి నన్ను వాటేసుకున్నారు. జనం గొల్లున నవ్వారు. అంపైరు కుర్చీ మీంచి వంగి, "అమ్మగారూ, ఆట అవ్వలేదండీ. ఇంకొక్కటుందండీ," అన్నారు.

"ఇంకొక్కటా? అయితే ఆడండి, ఆడండి," అంటూ ఆవిడ ఏమాత్రం సిగ్గుపడకుండా వెనక్కి వెళ్లి గీత పక్కనే నిలబడ్డారు.

తర్వాతి పాయింటు వాళ్లది. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. సర్వీసు వాళ్లది. బంతి ఎన్నిసార్లు నెట్ దాటిందో లెక్క తెలియదు. ఆఖరికి అవతలి ముందు వరుస అమ్మాయి నా కుడివైపుకి చిన్నగా తోసింది. బయటికి పోతుందనిపించింది. బ్యాటు వెనక్కి లాక్కుని వదిలేశాను. గీత దగ్గర సున్నం లేచింది. గీత కాపలా ఉన్న లైన్ అంపైరు చెయ్యి కిందికి చూపించాడు. లోపలే.

ఓడిపోయాం.

నాకు వచ్చిన కోపం చెప్పలేను! బ్యాటు నేలకేసి కొట్టబోయి ఆగాను. ఆ బంతి అందుకోవాల్సింది. తప్పకుండా అందుకోవాల్సింది. రమాదేవితో చెయ్యి కలుపుతూ కూడా పళ్లు నూరుతూనే ఉన్నాను. తను నా మొహం చూసి, "ఇదిగో, వచ్చేసింది మా సుభద్ర!" అని పగలబడి నవ్వింది.

అమలాపురం బస్సులో కిటికీ పక్కన అత్తగారు, ఇవతల నేను. ఊరు దాటగానే ఆవిడే ఎత్తుకున్నారు.

"ఆఖరి బంతి ఎందుకు వదిలేసేవమ్మాయ్?"

"బయటికి పోతోందనుకున్నానండి. పోయింది కూడా. ఆ లైన్ అంపైరు సరిగ్గా చూడలేదు."

"గీత పక్కన నిలబడింది నేను. గీత మీదే పడింది."

"పడలేదండి అత్తయ్యగారూ!"

ఆవిడ టిక్కెట్టు ఒళ్లో పరిచి, బొడ్లోంచి వక్కపలుకు తీసి దాని అంచు మీద పెట్టారు. "ఇది గీత. ఇది బంతి. ఇదిగో, ఇక్కడ పడింది." నేను వక్కపలుకుని అర అంగుళం ఇవతలికి జరిపాను. ఆవిడ మళ్లీ అంచు మీదికి తోశారు. కండక్టరు ఆగి, "ఏంటండీ గొడవ?" అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి చెప్పడం మొదలెట్టాం. అతనికి ఏమీ అర్థం కాలేదు, ముందు సీటువాళ్లు మాత్రం వెనక్కి తిరిగి, ఒకరు ఆవిడ పక్షం, ఒకరు నా పక్షం చేరిపోయారు.

అమలాపురం బస్టాండు వచ్చినా ఆ వక్కపలుకు ఇంకా ఒకచోట కుదురుకోలేదు.